ఎడమవైపు చోటు

జిష్ణు గారు నేల మీద మోకాళ్ళూని, ఇత్తడి కాళ్ళగిన్నెల్లో చేరిన దుమ్మును తడిగుడ్డ కొసతో తీస్తున్నారు. ఒక్కో వినుపీటకు, అంటే కూర్చుని పాట వినే పీటకు, నాలుగు గిన్నెలు. చీమలు ఎక్కకుండా వెనకటివాళ్ళు అన్నాల బీరువా కోళ్ళ కింద నీళ్ళు పోసి పెట్టే గిన్నెల్లాంటివే ఇవీ. పీట కాళ్ళు వాటిలో కుదురుగా దిగి కూర్చోవాలి. కొద్దిగా పక్కకు జరిగినా పాట పాటలా ఉండదు. ప్రస్తుతానికి గిన్నెల్ని జిగురుతో అంటించారు. నేల తొలిచి శాశ్వతంగా బిగించేది ఈవేళే.

ఆయన పీట సరిగానే ఉంది. భార్య ధృతి గారి పీట మాత్రం గిన్నెల్లో లేదు. ఎదురుగోడకు తిరిగి ఉండవలసినది పూర్తిగా పక్కకు తిరిగి, ఆయన పీటను చూస్తున్నట్టుగా ఉంది.

"మళ్ళీ తిప్పావా పీటని?" అన్నారాయన, మామూలు గొంతుతోనే.

ధృతి గారు వంటింట్లో ఉన్నారు. ఆవిడ జవాబు మాత్రం ఆయన చెవి పక్కన కూర్చుని చెప్పినట్టు వచ్చింది.

"కాలు తగిలుంటుందండీ."

"కాలు తగిలితే నాలుగు కోళ్ళూ లేచి బయటికొస్తాయా?"

"నా కాలు అలాంటిది."

జిష్ణు గారు నవ్వుకుని పీటను ఎత్తి మళ్ళీ గిన్నెల్లో దించారు. ఇది రోజూ ఉన్నదే. ఆవిడకు శబ్దం విలువ తెలియదని, చెప్పినా తలకెక్కదని ఆయన నమ్మకం.

మండపేటలో ఇప్పుడు ఎవరూ గట్టిగా మాట్లాడరు. నిశ్శబ్ద చట్టం వచ్చాక వీధిలో శబ్దం చేయడం తప్పయింది. బళ్ళు చప్పుడు లేకుండా పోతాయి. కూరలమ్మే ఆవిడ వచ్చినట్టు గుమ్మం పక్కన దీపం వెలిగి చెబుతుంది. వీధిలో ఉండే శబ్దమంతా ఇళ్ళలోకి వెళ్ళిపోయింది. ఇళ్ళలో నాదగూళ్ళు వచ్చాయి. తేనెతుట్టెలా చిన్నచిన్న కన్నాలు పెట్టి కాల్చిన మట్టి పలకలు అవి. గోడలో పొదిగి ఉంటాయి. శబ్దాన్ని గదంతా చల్లవు. బోదె నీటిని ఏ మడికి ఆ మడికి గండి కొట్టి మళ్ళించినట్టు, ఏ పీటకు వెళ్ళవలసిన శబ్దాన్ని ఆ పీటకే పంపుతాయి. పక్కపక్కనే కూర్చుని ఒకరు హరికథ వినవచ్చు, ఒకరు క్రికెట్ వినవచ్చు. ఒకరిది ఒకరికి వినపడదు. ఇంట్లో ఏ మూలనుంచి ఎవరు మాట్లాడినా ఆ మాటను తెచ్చి అవతలివారి చెవి దగ్గర పెట్టడం కూడా వాటి పనే. ఒకరిని పిలవడానికి గొంతెత్తవలసిన పని పోయింది. దగ్గరికి వెళ్ళవలసిన పని కూడా పోయింది.

జిష్ణు గారికి ఈ ఏర్పాటంటే పిచ్చి ఇష్టం. వాళ్ళది తాతల నాటినుంచి మైకు సెట్టు కుటుంబం. పెళ్ళిళ్ళకు, తీర్థాలకు, ఎన్నికల సభలకు ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ వాళ్ళ మైకు గొట్టాలే వెళ్ళేవి. ఏ కొబ్బరిచెట్టుకు ఏ ఎత్తులో గొట్టం కడితే ఏ వీధి చివరిదాకా మాట తెగకుండా వెళుతుందో ఆయన నిలబడి చూసి చెప్పేవారు. వరసగా కట్టిన గొట్టాల్లో ఒకటి మూగబోతే రెండు వీధుల అవతలనుంచే కనిపెట్టేవారు. చట్టం వచ్చి ఆ గొట్టాలన్నీ పాత ఇనుములోకి వెళ్ళిపోయినప్పుడు ఆయన చాలాకాలం దిగులుగా తిరిగారు. అందుకే వినుపీటలు వచ్చాయని తెలియగానే ఆ వీధిలో అందరికంటే ముందు ఆయనే పెట్టించుకున్నారు.

వాటికోసం హాల్లోంచి ఉయ్యాలబల్ల తీసేయవలసి వచ్చింది. పెళ్ళైన కొత్తలో చేయించిన టేకు బల్ల అది. సాయంత్రం పని అయ్యాక ఇద్దరూ దానిమీదే కూర్చునేవారు. ఆయన కుడి సగంలో, ఆవిడ ఎడమ సగంలో. ఊగే బల్ల మీద చెవులు ఒకచోట నిలవవని అమరిక చేయడానికి వచ్చిన అమ్మాయి చెప్పింది. బల్లను, గొలుసుల్ని పెరట్లో కొట్టుగదిలో పెట్టారు. తర్వాత పీటలు ఎక్కడ వెయ్యాలన్న మాట వచ్చింది. ఆయన పీటకు ఎడమపక్క పెద్ద కిటికీ ఉంది. దాని అద్దం గోడనుంచి పీటకు వచ్చే నాదరేఖను చెదరగొడుతుంది కాబట్టి రెండో పీట కుడివైపునే పడాలి, అదీ చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉండాలి.

ధృతి గారు అప్పుడొక్కసారే అడ్డం చెప్పారు. భార్య భర్తకు ఎడమపక్కనే ఉండాలన్నారు.

ఈ మాట ఆ ఇంట్లో కొత్త కాదు. బస్సులో ఆవిడకు కుడివైపు సీటు దొరికితే ఆయన్ని లేపి మారేవారు. చుట్టాల ఇంట్లో భోజనాల వరసలో, ఫొటోల్లో, ఆసుపత్రి బెంచీ మీద, ఎక్కడైనా అంతే. 'ఎడంపక్క శాస్త్రిగారు వచ్చారు, జరగండి' అని ఆడపడుచులు ఏడిపించేవారు. జిష్ణు గారు పైకి విసుక్కున్నా లోపల గర్వపడేవారు. చిత్రమేమిటంటే ఆవిడకు ఇంకే శాస్త్రమూ పట్టదు. శనివారం నియమం లేదు. ఏకాదశి ఎప్పుడు వస్తుందో తెలియదు. పూజకాకముందే కాఫీ తాగేవారు. ఇన్నేళ్ళలో ఆ తేడా ఎందుకా అని ఆయన ఒక్కసారీ ఆలోచించలేదు.

"ఇది కొత్త శాస్త్రంలే, దీనికి కుడిపక్కే మంచిది," అని ఆరోజు ఆయన నవ్వేశారు. ఆవిడ అప్పటినుంచి చెవికొలతను వాయిదా వేస్తూ వచ్చారు. ఒకసారి తలనొప్పి, ఒకసారి చుట్టాలు, ఒకసారి ఆవకాయ పని. చెవికొలత తీసుకుంటే తప్ప పీట ఎవరిదో వారి చెవులకు అమరదు. అమరితే తప్ప బిగించరు. బిగించుకోవడానికి ఇచ్చిన గడువు అయిపోవచ్చింది. ఈవేళ కూడా కాదంటే పీటలు వెనక్కి పట్టుకుపోతారు. అది జిష్ణు గారు తట్టుకోలేరని ఆవిడకు తెలుసు. అందుకే ఆ అమ్మాయిని రమ్మని కబురు చేయమన్నారు.

గుమ్మం పక్కన దీపం వెలిగింది. అమరికల అమ్మాయి వచ్చింది. పేరు పేరంటాలు. జిష్ణు, ధృతి లాంటివి ఇప్పుడు తాతల, మామ్మల పేర్లైపోయాయి. ఈ కాలం పిల్లలకు పేరంటాలు, సూరమ్మ, అప్పలరాజు అని పెట్టుకోవడం మోజు.

"మామ్మగారికి ఈవేళ తలనొప్పి లేదు కదండీ?" అంది పేరంటాలు చెప్పులు విప్పుతూ.

"ఇంకా మొదలవలేదు తల్లీ. నువ్వు మొదలెట్టు, అదే వస్తుంది," అన్నారు ధృతి గారు.

ముందు జిష్ణు గారు కూర్చున్నారు. కళ్ళు మూసుకుని ఉండాలి. ఒక్కో నాదగూడులోంచి చిరుగంట మోగుతుంది. ఎటునుంచి మోగిందో అటు చెయ్యి చూపించాలి. ఆయన చెయ్యి చూపించడమే కాక, పైగూడు, కిందిగూడు అని పేర్లు కూడా చెప్పారు. మూలనున్న కిందిగూడు కొంచెం బొంగురుగా ఉందన్నారు. పేరంటాలు వెళ్ళి చూస్తే దాని కన్నాల్లో సాలీడు గూడు పెట్టి ఉంది. ఆయన ముఖం వెలిగిపోయింది.

"తాతగారి తల మాత్రం కాస్త ఎడమకు ఒరుగుతుందండి," అంది పేరంటాలు పరికరంలోకి చూస్తూ. "ఎప్పుడూ అలాగే పెడతారేమో. పర్లేదు, నాదగూళ్ళు దాన్ని సరిదిద్దుకుంటాయి."

ఆయన తల నిటారుగా పెట్టుకోబోయారు. నాలుగు క్షణాలకు అది మళ్ళీ ఒరిగింది.

తర్వాత ధృతి గారి వంతు. ఆవిడ పీట అంచున కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. కుడివైపు గంట మోగింది. కుడివైపు చూపించారు. ఎదురుగా మోగింది. కొంచెం ఆలోచించి మళ్ళీ కుడివైపే చూపించారు. ఎడమవైపు మెల్లగా మోగింది. ఆవిడ చెయ్యి లేవలేదు.

"ఇటు మోగితే అటు చూపిస్తావేంటి? పరధ్యానమా?" అని జిష్ణు గారు నవ్వారు.

"మీరు మాట్లాడకండి తాతగారూ. గూడు సరిగా పలకట్లేదేమో. ఇంకోసారి చూద్దాం," అంది పేరంటాలు.

గూడు బాగానే పలుకుతోందని ఆయనకు తెలుసు. ఇందాకే విన్నారు. ఆయన ఇక నవ్వకుండా చూస్తూ నిలబడ్డారు. ఎడమవైపు గంట మళ్ళీ మోగింది. ఈసారి కొంచెం గట్టిగా. ధృతి గారి కనురెప్పలు అదురుతున్నాయి. ఏదో మోగి ఉంటుందని ఊహించి, ఆవిడ నెమ్మదిగా, ఎవరూ చూడరన్నట్టు, ముఖాన్ని ఎడమకు తిప్పి కుడిచెవిని ముందుకు తెచ్చారు. ఆ తిప్పడం ఆయనకు బాగా తెలుసు. భోజనాల దగ్గర, బజారులో, పెళ్ళిపందిళ్ళలో ఎన్నోసార్లు చూసినదే. అది ఆవిడ వయ్యారమని అనుకునేవారు.

వరసలో ఒక గొట్టం మూగబోయిందని రెండు వీధుల అవతలనుంచి చెప్పగలిగిన మనిషి, ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్న మనిషి దగ్గర అది కనిపెట్టలేకపోయారు.

పేరంటాలు ఇద్దరి వంకా చూసింది. పనిముట్ల సంచి బండిలో మరిచిపోయానంటూ బయటికి వెళ్ళింది. సంచి ఆమె భుజానికే ఉంది.

జిష్ణు గారు వచ్చి భార్య పీటకు కుడిపక్కన నేల మీద కూర్చున్నారు.

"ఎడమది ఎప్పటినుంచి?"

ధృతి గారు కళ్ళు తెరవలేదు. "పెళ్ళైన ఏడాదే."

"ఏమయింది?"

"ఇప్పుడెందుకులెండి."

"చెప్పు."

ఆవిడ చీర అంచును వేలికి చుట్టుకుంటూ చెప్పారు. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఆ కథ ఆయనకూ తెలిసిందే. ఆవిడకంటే ఎక్కువసార్లు ఆయనే చెప్పి ఉంటారు. ఏడిద తీర్థానికి ఆయన సెట్టు తీసుకెళ్ళారు. మధ్యాహ్నం కొత్త పెళ్ళికూతురు కేరేజీలో అన్నం పట్టుకుని వెళ్ళింది. పెద్ద గొట్టం వెదురుగెడకు కట్టి ఉంది, గెడ ఇంకా పైకి లేపలేదు. ఆవిడ దాని పక్కన నిలబడి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని జనంలో మొగుడి కోసం వెతుకుతోంది. పందిట్లో ఉన్న ఆయన ఆవిడను దూరంనుంచి చూశారు. సరదా పుట్టింది. మైకు అందుకుని ధృతీ అని పిలిచారు. తీర్థమంతా వినపడింది. జనం తిరిగి చూసి నవ్వారు. ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టుకుని తల వంచుకుంది.

ఎంత సిగ్గుపడిందో అంటూ ఆయన ఆ కథను ప్రతి పెళ్ళిలోనూ చెప్పారు. చెప్పిన ప్రతిసారీ ఆవిడ ఆయన ఎడమపక్కన కూర్చుని నవ్వుతూ విన్నారు.

జిష్ణు గారి చేతులు నేల మీది ఇత్తడి గిన్నెను పట్టుకుని ఉన్నాయి.

"ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నారు చివరికి.

"చెప్తే మళ్ళీ ఎప్పుడైనా నన్ను పేరు పెట్టి పిలిచేవారా?"

పిలిచేవారు కాదని ఇద్దరికీ తెలుసు.

"సెట్టు కూడా అమ్మేసేవారు," అన్నారావిడ. "మీకు వచ్చిన పని అదొక్కటే. అయినా ఇంకోటి ఉంది కదండీ, పనిచేసేది. మీరు ఆ పక్కనుంటే చాలు."

"శాస్త్రమన్నావు."

"శాస్త్రమంటే ఎదురడగరు. చెవుడంటే డాక్టరు దగ్గరికి లాక్కెళ్తారు." ఆవిడ ఇప్పుడు కళ్ళు తెరిచి ఆయన తల మీద చెయ్యి వేశారు. "ఎడమచెవి ఆఖరున విన్నది నా పేరండీ, మీ గొంతుతో. అదేం చెడ్డది కాదు."

పేరంటాలు గుమ్మంలో చెప్పులు రెండుసార్లు విప్పిన చప్పుడు చేసి లోపలికి వచ్చింది. ఏమీ తెలియనట్టే మాట్లాడింది. ఇలాంటివి తాను చాలా ఇళ్ళలో చూశానని, బాధపడవలసిన పని లేదని చెప్పింది. సంచిలోంచి ఎముకబిళ్ళ తీసింది. అది బొట్టుబిళ్ళంత ఉంటుంది. వినపడని చెవి వెనక అంటించుకోవాలి. ఎడమవైపు వచ్చిన శబ్దాన్ని అది ఎముకలోంచి అవతలి చెవికి చేరుస్తుంది. కొద్దిసేపట్లోనే మనసు దాన్ని ఎడమదిగానే గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. నాదగూళ్ళు ఉన్నంతమేర ఏ గదిలోనైనా పనిచేస్తుంది. గడప దాటితే పనిచేయదు.

"ఇంట్లో ఇంక ఎక్కడ కూర్చున్నా ఒకటే మామ్మగారూ. కుడీ ఎడమా లేదు," అంది.

బిళ్ళ అంటించి, కొలతలు సరిచేసి, ఆవిడకు ఏ పాట ఇష్టమో అడిగింది. ధృతి గారు తన చిన్ననాటి పాట ఒకటి చెప్పారు. రోజూ పని చేసుకుంటూ కూనిరాగం తీసేదే. పాట మొదలైంది. మిగిలిన ఇద్దరికీ ఏమీ వినపడదు. వాళ్ళు ఆవిడ ముఖం చూస్తూ నిలబడ్డారు. మొదట్లో ఆ ముఖంలో ఏ మార్పూ లేదు. తర్వాత ఆవిడ ఉలిక్కిపడినట్టు తల ఎత్తి ఎడమవైపు చూశారు. అక్కడ కిటికీ, ఆయన ఖాళీ పీట తప్ప ఏమీ లేవు.

"ఈ పాట ఇద్దరు పాడారా?" అన్నారు.

చిన్నప్పుడు విన్నప్పుడు ఇద్దరూ ఉండే ఉంటారు. ఆవిడే మరిచిపోయారు. ఇన్నేళ్ళుగా ఎడమవైపు పాడుతున్న గొంతు ఆవిడకు చేరలేదు. ధృతి గారి కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. పాట అయిపోయాక మళ్ళీ మొదటినుంచి పెట్టమన్నారు. జిష్ణు గారు కూడా ఏడ్చారు. ఆ ఏడుపులో సంతోషమే ఎక్కువ. గిన్నెల్ని బిగించేయమని ఆయనే పేరంటాలుకు చెప్పారు.

తర్వాతి రోజుల్లో ఆ వీధిలో ధృతి గారంత సంతోషంగా ఎవరూ లేరు. పప్పు పొంగే చప్పుడు ఎటునుంచి వస్తోందో తెలుస్తోందన్నారు. వర్షం రెండువైపులా పడుతోందన్నారు. తెలిసిన పాటలన్నీ మళ్ళీ వరసగా విన్నారు. ప్రతి పాటలోనూ ఇన్నాళ్ళూ కనపడకుండా కూర్చున్నవాళ్ళెవరో బయటికి వస్తున్నారు. వీణ ఒకటి, తాళం ఒకటి, నవ్వు ఒకటి. దొరికిన ప్రతిదాన్నీ ఆయనకు చెప్పేవారు. ఎక్కడున్నా చెప్పేవారు. వంటింట్లోంచి, పెరటి గదిలోంచి, పడకగదిలోంచి. మాట వచ్చి ఆయన చెవి పక్కన నిలబడేది.

మనిషి మాత్రం ఆ పక్కకు రావడం లేదు.

ఇది ఆయనకు ఒక్కరోజులో తెలియలేదు. మొదట భోజనాల బల్ల దగ్గర తెలిసింది. ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. కూర గిన్నె అటు దగ్గరని. మర్నాడు కుడివైపు కూర్చున్నారు. రాత్రి గోడవైపు మంచం ఆవిడ తీసుకున్నారు. గాలి బాగా వస్తోందట. వినుపీటలో అయితే సరే, బిగించిన చోటే. ఆయన ఏదైనా చెప్పడానికి ఎడమవైపు తిరిగేవారు. అక్కడ కిటికీ అద్దంలో తన ముఖమే కనిపించేది. ఎడమమోచెయ్యి మాత్రం ఎప్పటిలాగే పక్కటెముకలకు ఆనించి, ఇంకొకరికి చోటు వదిలినట్టు ముడుచుకుని ఉండేది. ఎన్నేళ్ళనుంచి అలా ముడుచుకుందో ఆయనకు తెలియదు.

ఒకరోజు పనితీరు చూసుకోవడానికి పేరంటాలు వచ్చినప్పుడు, ధృతి గారు పెరట్లో ఉన్న సమయం చూసి ఆయన బయటికి పిలిచి అడిగారు. ఆవిడ పీటను ఎడమవైపుకు మార్చడానికి వీలవుతుందా అని.

"బిగించేశాం కదండీ. అటుపక్క అద్దం కూడా," అంది పేరంటాలు. "అయినా ఇప్పుడు అవసరం ఏముంది తాతగారూ? మామ్మగారికి అన్నివైపులా ఒకేలా వినపడుతోంది. ఏమైనా ఇబ్బంది అన్నారా?"

"అబ్బే. ఆవిడకేం ఇబ్బంది లేదు."

"మరి?"

ఆయన ఏం చెప్పగలరు? వినపడనంతకాలం ఆవిడ నా పక్కనుండేది, వినపడ్డాక లేదు అని చెప్పాలా? ఆవిడ చెవి పోగొట్టింది తాను. అది తిరిగి వచ్చిందని సంతోషించవలసిందీ తానే. ఊరికే అడిగానని చెప్పి లోపలికి వచ్చారు. పేరంటాలు తన పరికరం తెరిచి చూసుకుంది. పరికరంలో ఆయన తల ఎడమకు ఒరిగిన గుర్తు అలాగే ఉంది. నాదగూళ్ళు దాన్ని రోజూ సరిదిద్దుతూనే ఉన్నాయి.

ఆరోజు సాయంత్రం ధృతి గారు తన పీటలో కూర్చుని పాట పెట్టుకున్నారు. జిష్ణు గారు కాసేపు పక్క పీటలో కూర్చున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని, మెల్లగా తల ఊపుతూ వింటున్నారు. ఆ ముఖం చూస్తే ఆయనకు ముద్దొచ్చింది. పాట ఆపమని అడగాలని లేదు. పిలవాలని కూడా లేదు. ఆ పేరుతో ఒకసారి పిలిచి చేసినది చాలనిపించింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళారు.

కొట్టుగదిలో ఉయ్యాలబల్ల గోడకు ఆనించి ఉంది. బూజు దులిపి, గొలుసులు భుజాన వేసుకుని, బల్లను సందులోంచి ముందువైపుకు ఈడ్చుకొచ్చారు. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకున్నారు. వీధివైపు వసారా దూలానికి పాత కొక్కేలు ఇంకా ఉన్నాయి. ఒకప్పుడు తీర్థాలనుంచి వచ్చిన గొట్టాల్ని కడిగి ఆరబెట్టడానికి వాటికే వేలాడదీసేవారు. మోడా ఎక్కి ఒక గొలుసు తగిలించారు. దిగి, మోడా జరిపి, రెండోది తగిలించారు. బల్ల ఒకవైపు కొంచెం పల్లంగా వచ్చింది. ఒక లంకె పైకి మార్చి సరిచేశారు.

వసారాలో నాదగూళ్ళు లేవు. అక్కడ మాట్లాడిన మాట లోపలికి వెళ్ళదు. లోపలి పాట బయటికి రాదు. ఎముకబిళ్ళ కూడా అక్కడ పనిచేయదు. అదంతా ఆయనకు తెలుసు. ఆవిడను బయటికి రమ్మని అడగడం ఆవిడకు వచ్చినదాన్ని మళ్ళీ లాక్కోవడమే అవుతుంది. అందుకే అడగలేదు. ఇన్నేళ్ళూ బస్సుల్లో, పందిళ్ళలో, ఆసుపత్రుల్లో, ఆయన మాట వినపడే చోటు కోసం వెతుక్కుని వచ్చి కూర్చున్నది ఆవిడ. ఆయన ఎప్పుడూ తన చోటులో తాను ఉన్నారంతే. ఈసారి ఆయన ఆలోచించి కూర్చున్నారు. బల్లకు కుడి సగంలో, అంచుకు బాగా జరిగి, ఎడమ సగం ఖాళీగా వదిలి. ఎడమమోచెయ్యి ముడుచుకుంది. తల అటు ఒరిగింది. దాన్ని ఇక్కడ ఎవరూ సరిదిద్దలేదు. వీధిలో చప్పుడు లేని బండి ఒకటి వెళ్ళిపోయింది.

లోపల పాటలో రెండో గొంతు అందుకుంది.

"ఏవండీ, ఇప్పుడు వినండి, ఈ చరణం ఆవిడ ఎలా పట్టుకుందో," అన్నారు ధృతి గారు, కళ్ళు మూసుకునే.

నాదగూళ్ళు ఆ మాటను అన్ని గదులకూ మోసుకెళ్ళి, ఎవరూ దొరక్క వదిలేశాయి. జవాబు రాలేదు. ఆవిడ కళ్ళు తెరిచారు. పక్క పీట ఖాళీగా ఉంది. వంటింటి వైపు చూశారు. తర్వాత తెరిచి ఉన్న వీధి గుమ్మంలోంచి చూశారు.

వసారాలో గొలుసు ఒకటి మెల్లగా కదులుతోంది. ఉయ్యాలబల్ల సగమే కనిపిస్తోంది. కనిపించే సగం ఖాళీగా ఉంది. దాని అంచున, ఎవరికో జాగా ఇచ్చి ముడుచుకున్న మోచెయ్యి ఒకటి.

ధృతి గారు చాలాసేపు ఆ మోచెయ్యినే చూస్తూ కూర్చున్నారు. పాటలో ఇద్దరూ గొంతు కలిపారు. ఆవిడకు ఇప్పుడు బాగా తెలిసిన చోటు అది. రోజూ దానికోసమే వేచి ఉండేవారు. అక్కడే ఆవిడ లేచారు.

పీట ఖాళీ అయ్యేసరికి గోడలోని నాదగూళ్ళు పాటను మధ్యలో ఆపేసి, ఆవిడ మళ్ళీ కూర్చుంటారేమోనని ఎదురుచూశాయి. ధృతి గారు చెవి వెనకనున్న బిళ్ళను వేలితో ఒకసారి తాకి చూసుకుని, అలాగే ఉంచుకున్నారు. కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుని, గడప దాటి బయటికి వెళ్ళారు.